సామాను దగ్గర మనిషి

ఆవిడ పోయారన్న కబురు నాకు ఈమెయిల్లో వచ్చింది. పామర్‌స్టన్ నార్త్ తెలుగు సంఘం వాళ్లు పంపారు. నేను ఆ ఊరు వదిలి ఆల్బనీ వచ్చి రెండేళ్లవుతున్నా వాళ్ల జాబితాలోంచి నా పేరు ఇంకా తీయలేదు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లే బస్సులో కూర్చుని చదివాను. 'ఓర్పుకు మారుపేరు, శాంతస్వభావురాలు, మనందరికీ తల్లిలాంటి వారు' అని ఉంది. చదివి, బస్సులో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి పైకే నవ్వేశాను. పక్క సీటావిడ తన సంచీ కాస్త అవతలికి జరుపుకుంది.

ఓర్పు ఆవిడకి ఏ కోశానా లేదు. శాంతం సంగతి సరే సరి. ఇక తల్లిలాంటి వారని ఎవరైనా మొహం మీద అని ఉంటే చేతికర్ర గాల్లోకి లేచేది. నేను మొదటిసారి 'ఆంటీ' అన్నందుకే నాకు తలంటేశారు.

"నీకెన్నేళ్లబ్బాయ్?"

"ముప్పై ఒకటండీ."

"నాకు నలభై ఆరు. పదిహేనేళ్లకే నిన్ను కన్నానా? ఆంటీ ఏంది, నా మొహం. అక్కా అని పిలువు. లేకపోతే అసలు పిలవబాక."

ఆ రోజు నుంచీ అక్క అయ్యారు. 'మాది ఒంగోలు' అని మాత్రం చెప్పేవారు. అంతకు మించి సొంత చరిత్ర అడిగితే ఎవరికీ అతికినట్టు జవాబు దొరికేది కాదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగిన ప్రతి మనిషికీ ఒక కొత్త కథ చెప్పేవారు. ఒకరికి ముహూర్తం కుదరలేదని, ఇంకొకరికి పెళ్లికొడుకు గురక పెడతాడని తెలిసిందని, మా ఆవిడకేమో అసలు చేసుకున్నానని, ఆయన్ని ఎక్కడో పెట్టి మర్చిపోయానని చెప్పారు. మా ఆవిడ పాపం వారం రోజులు అది నిజమనే నమ్మింది.

పని ఆసుపత్రిలో. రక్తం తీసే గదిలో చక్రాల స్టూలు మీద కూర్చుని, ఆ మంచం నుంచి ఈ మంచానికి జారుకుంటూ వెళ్లి సూదులు గుచ్చేవారు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ చేతి సూది తగిలే ఉంటుంది. అందుకని మనిషిని చూస్తే మొహం కంటే ముందు మోచేతి మడత చూసే అలవాటు. "నీ ఎడమ చెయ్యి మంచిది, కుడిది దొంగది, నరం దాచుకుంటది" అని ఉగాది పార్టీలో అందరి ముందూ నన్ను పరిచయం చేశారొకసారి. రిజల్టులు మాత్రం ప్రాణం పోయినా ఎవరికీ చెప్పేవారు కాదు. కాకపోతే భోజనాల దగ్గర ఎవరైనా గులాబ్ జామూన్ రెండోసారి వేసుకుంటుంటే అలాగే చూస్తూ నిలబడేవారు. ఆ చూపుకి మా సంఘం ప్రెసిడెంటు గారు చాలాసార్లు జామూన్ గిన్నెలోకి తిరిగి వేసేశారు.

చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. ఎడమ కాలికి ఇనప పట్టీల బూటు, కుడి చేతిలో కర్ర. ఇంట్లోనూ పనిలోనూ వాటితోనే నెట్టుకొచ్చేవారు. వీధిలోకి వెళ్లాలంటే వెనక నారింజ రంగు జెండా కట్టిన బ్యాటరీ బండి. మా ఊరు చేటలా చదునుగా ఉంటుంది కాబట్టి ఆ బండి మీద ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు. ఆవిడ బాధల్లా దాని వేగం గురించే. "దీనికి రెండే గేర్లురా. ఒకటి మెల్లగా, రెండోది ఇంకా మెల్లగా" అని తిట్టుకుంటూ, ముందు నడిచే స్టూడెంట్ల మడమల దగ్గర హారన్ కొట్టేవారు.

ఎవరైనా 'పాపం' అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. మా వీధిలోకి కొత్తగా వచ్చిన ఒకాయన ఆ మాట అనేసి, ఇండియన్ షాపు నుంచి ఆవిడ ఇంటి దాకా ఇరవై కిలోల బియ్యం బస్తా మోశాడు. "జాలిపడ్డావు కదయ్యా, అది ఊరికే పోతే ఎట్టా?" అని ఆవిడ బండి మీద పక్కనే హాయిగా వెళ్లారు. ఆయన మళ్లీ ఎవరి మీదా పైకి జాలిపడలేదు.

ఇంత తెలిసీ నేను ఆవిడకి మూడేళ్ల పాటు చేసిన పని ఇప్పుడు చెబుతాను.

ప్రతి ఆగస్టులోనూ, అంటే అక్కడి చలికాలంలో, మా సంఘం రువాపెహు కొండకి మంచు యాత్ర పెట్టేది. ఏడెనిమిది కార్లు, రెండున్నర గంటల ప్రయాణం. పులిహోర, గోంగూర పచ్చడి, ఫ్లాస్కుల్లో టీ, పెరుగన్నం పాడవకుండా ఐస్ బాక్సు. ఆ కొండ మీద పెరుగన్నం పాడవాలంటే మూడు నెలలు పడుతుంది, అయినా ప్రతి ఏడూ ఐస్ బాక్సు పట్టుకెళ్లాం. అప్పట్లో సంఘం సెక్రటరీని నేనే. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఎక్సెల్లో జాబితా చేసేవాణ్ని. పేర్ల పక్కన మూడు గడులు ఉండేవి: స్కీ, చూపు, సామాను. నలభై లోపు మగవాళ్లందరూ స్కీ. అంటే అద్దెకి స్కీలు తీసుకుని, రెండు గంటలు పాఠం విని, నాలుగుసార్లు నడుం విరిగేలా పడి, వారం రోజులు ఆఫీసులో దాని గురించి చెప్పుకోవడం. ఆడవాళ్లందరూ చూపు. అంటే కొండ కింద నిలబడి ఆ పడటాన్ని ఫొటోలు తీసి ఇండియాకి పంపడం. సామాను గడిలో ఒకటే పేరు ఉండేది. కార్ పార్కులో మా కారు ముందు సీట్లో అక్క కూర్చునేవారు. వెనక సీటు నిండా హ్యాండ్‌బ్యాగులు, కెమెరా సంచులు, పాస్‌పోర్టులు, పడిపోతాయేమోనని తీసి ఇచ్చిన గొలుసులు.

ఈ గడులు నింపేటప్పుడు నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. పేరు చూసి టకటకా టిక్కులు కొట్టుకుంటూ పోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మూడో ఏడు యాత్ర అయ్యాక వచ్చే దారిలో అక్క ఒక మాట అన్నారు. కారు అద్దంలోంచి ఒక మనిషిని చూశారట. చక్రాల కుర్చీలో వచ్చాడట. అతన్ని ఇంకో కుర్చీలోకి మార్చి పట్టీలు బిగించారట. ఆ కుర్చీ కింద చక్రాల బదులు స్కీలు ఉన్నాయట. కాసేపటికి ఆ మనిషి కొండ మీద నుంచి దూసుకుంటూ వచ్చాడట. "అట్టా కూడా ఉంటది, నీకు తెలుసా?" అన్నారు. "విదేశాల్లో ఏవేవో ఉంటాయిలే అక్కా" అన్నాను నేను, విదేశంలోనే కారు నడుపుతూ.

మరుసటి ఏడు జూలైలో ఫోన్ వచ్చింది.

"జాబితా చేశావా?"

"చేస్తున్నానక్కా."

"నన్ను ఎందులో వేశావు?"

"ఎప్పట్లాగే, సామానులో అక్కా."

"తీసేసి స్కీలో వెయ్యి. కొండ మీద ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడా. ఆ కుర్చీ ఒకటే ఉందంట వాళ్ల దగ్గర, పట్టుకునే టీచరు కూడా ఒకతే. మనం పోయే శనివారం ఒక్కటే ఖాళీ. అది తప్పితే ఈ సీజన్‌కి ఇంక లేదు. నన్ను ఎత్తి కుర్చీలో పెట్టడానికి ఇద్దరు కావాలన్నారు. నువ్వూ మీ ఆవిడా ఆ ఇద్దరు."

కమిటీ మీటింగులో ఈ సంగతి చెప్పాను. మా ప్రెసిడెంటు గారిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఆయనకి ప్రపంచంలో ఏది చూసినా రిస్కే. మిక్చర్ నములుతూ చాలాసేపు ఆలోచించి, "ఆవిడ మీద గౌరవంతోనే చెబుతున్నానండీ. ఏదన్నా అయితే సంఘానికి మాటొస్తుంది. మీరు మంచిగా నచ్చచెప్పండి" అన్నారు. అందరూ తలలూపారు. ఊపిన తలల్లో నాది కూడా ఉంది.

నచ్చచెప్పడానికి ఆదివారం అక్క ఫ్లాట్‌కి వెళ్లాను. పెసరట్టు వేసి పెట్టారు. రెండో పెసరట్టు సగంలో ఉండగా విషయం ఎత్తాను. నేను చెప్పిందంతా విని, స్టవ్ ఆపి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"నాలుగో ఏట నుంచి ఒకటే మాట వింటన్నానురా. మెల్లగా, మెల్లగా. మా అమ్మ అదే మాట. బళ్లో అయ్యవారు అదే. ఒంగోల్లో బస్సు కండక్టరు అదే. ఇక్కడికొస్తే ఫిజియో పిల్ల కూడా అదే, ఇంగ్లీషులో. నాకు ఒక్కసారి జోరుగా పోవాలని ఉంది. కళ్లమ్మట నీళ్లు కారేంత జోరుగా. పతకం వద్దు, దండలొద్దు. అంతే."

"పడితే అక్కా?"

"పడతా. మీ ప్రెసిడెంటు పడలా? పోయినేడు బోర్లా పడితే ముగ్గురు కలిసి లేపారు. ఆయన పడితే సరదా, నేను పడితే కేసా?"

మిగతా పెసరట్టు తినేసి ఇంటికొచ్చి, ఆవిడ పేరు పక్కన టిక్కు మార్చాను. ప్రెసిడెంటు గారికి మాత్రం చెప్పలేదు, భయమేసి.

ఆ శనివారం ఎండ బాగా కాసింది. టికెట్ల కిటికీ దగ్గర నా వంతు వచ్చింది. లోపలి పిల్ల మా గుంపుని చూసి, "అందరికీ సైట్‌సీయింగేనా?" అంది. ఆ పిల్లని అనడానికి ఏం లేదు. మూడేళ్లూ నేనే అలా అడిగి తీసుకున్నాను. నోటికి అలవాటైపోయి ఇప్పుడు కూడా "మగవాళ్లు తొమ్మిదిమంది స్కీ, మిగతా పదహారూ సైట్‌సీయింగ్" అనేశాను. వెంటనే నా పిక్క మీద కర్ర దెబ్బ పడింది. "పదిహేను" అన్నారు అక్క వెనకనుంచి. ఆ నొప్పి నాలుగు రోజులుంది.

కుర్చీ పాఠం చెప్పే టీచరు కొండ కింది ఒహాకూనే ఊరి మావోరీ మనిషి, ఆ దేశపు మూలవాసి. మా అక్క వయసే ఉంటుంది. గట్టి మనిషి, ఎండకి ముక్కు తోలు ఊడి ఉంది. ఆమె దగ్గరికి మేం చేరేసరికి సంగతి తెలిసిపోయి ప్రెసిడెంటు గారు పరుగెత్తుకొచ్చారు. వస్తూనే అక్కకీ ఆమెకీ మధ్య నిలబడి, "మేడమ్, ఈవిడ పేషెంటు. చాలా జాగ్రత్తగా ఉండాలి. కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫొటో తీసి పంపించేయండి, చాలు" అని ఇంగ్లీషులో చెప్పారు.

టీచరు ఆయన చెప్పేదంతా మర్యాదగా విని, ఆయన భుజం పక్కనుంచి తల వంచి అక్క వైపు చూసింది.

"మీకెంత వేగం ఇష్టం?" అంది.

అక్కకి మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నాకు తెలీదు. నన్నెవరూ అడగలేదు" అన్నారు ఇంగ్లీషులో, చిన్న గొంతుతో.

"సరే, కనుక్కుందాం పదండి" అంది ఆమె.

నేనూ మా ఆవిడా పట్టుకుని ఆవిడని ఆ కుర్చీలోకి దింపాం. కుర్చీ అంటే ప్లాస్టిక్ తొట్టి లాంటిది, కింద రెండు స్కీలు. రెండు చేతులకీ రెండు పొట్టి కర్రలు ఇచ్చారు, వాటి చివర కూడా బుల్లి స్కీలు ఉన్నాయి. కుర్చీ వెనక కట్టిన తాడు పట్టుకుని టీచరు తన స్కీల మీద వస్తుంది. పైకి వెళ్లడానికి నేల మీద కదిలే బెల్టు ఉంది. దాని మీద కూర్చోబెట్టగానే ఆవిడ వెనక్కి తిరిగి, "విమానాశ్రయంలో పెట్టె ఎక్కించినట్టు ఎక్కిస్తన్నార్రా నన్ను!" అని అరిచారు.

మొదటిసారి నిజంగానే నెమ్మదిగా తీసుకొచ్చింది. అయినా కింద నిలబడ్డ మా వాళ్లంతా, ప్రెసిడెంటు గారు ముందుండి, "మెల్లగా! మెల్లగా!" అని భజన ఎత్తుకున్నారు. ఆ కేకలకి ఆవిడ తల తిప్పి ఏదో తిట్టబోయి, అటే ఒరిగిపోయి, కుర్చీతో సహా పక్కకి పడ్డారు. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ప్రెసిడెంటు గారు లేపడానికి పరుగెత్తి, మూడు అడుగులు వేసి, జారి కూలబడ్డారు. మడమ బెణికింది. టీచరు మాత్రం కంగారేమీ పడలేదు. అక్క నోట్లోని మంచు ఊసి ఒంగోలు తిట్లన్నీ వరసగా తిట్టడం అయ్యేదాకా ఆగి, "మళ్లీనా?" అని అడిగింది.

"మళ్లీ!"

రెండోసారీ పడ్డారు. మూడోసారి పడలేదు కానీ వాలు చివరిదాకా రాలేదు. నాలుగోసారి పడ్డారు. ఈలోగా ప్రెసిడెంటు గారిని ఇద్దరు మోసుకెళ్లి మా కారులో కూర్చోబెట్టారు. కూర్చున్నారు కదా అని అందరూ తమ తమ హ్యాండ్‌బ్యాగులు ఆయన ఒళ్లో పెట్టి వచ్చేశారు. ఐస్ బాక్సు కాళ్ల దగ్గర పెట్టారు.

ఐదోసారి టీచరు ఆవిడని ఇంకాస్త పైకి తీసుకెళ్లింది. కింద నుంచి చూస్తే ఒక ఎర్ర చుక్క, దాని వెనక ఒక నీలం చుక్క. చాలాసేపు కదలలేదు. మాలో ఎవరూ ఏమీ అరవలేదు. తర్వాత ఎర్ర చుక్క బయల్దేరింది. తాడు పొడవుగా వదిలేసినట్టుంది, నీలం చుక్క బాగా వెనకపడింది. మా ముందు నుంచి దూసుకుపోతున్నప్పుడు స్కీలు మంచుని కోసే శబ్దం, దాని మీద ఆవిడ కేక. అంత పెద్ద కేక ఆ మనిషిలోంచి వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. మమ్మల్ని దాటేసి, ఆగాల్సిన చోటు దాటేసి, తిన్నగా వెళ్లి వాలు చివర అడ్డంగా కట్టిన నారింజ రంగు వలలో పడ్డారు.

అందరం పరుగెత్తాం. తలకిందులుగా వలలో చిక్కుకుని ఉన్నారు. కళ్లజోడు లేదు. మొహమంతా తడి. అది మంచో ఏడుపో తెలియడం లేదు. "కళ్లు!" అన్నారు. మా ఆవిడ భయపడిపోయి, "కళ్లకేమైంది అక్కా?" అంది. "నీళ్లు కారినయ్యే! కారినయ్యి!" అని మా ఆవిడ మెడ పట్టుకుని ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. నాకూ ఏడుపొచ్చింది. అక్కడే నిలబడి అందరిముందూ ఏడ్చాను.

తర్వాత వచ్చిన సంఘం పత్రికలో ప్రెసిడెంటు గారు 'వైకల్యాన్ని జయించిన ధీరవనిత' అని ఒక పేజీ రాశారు. పాపం, మంచి మనసుతోనే రాశారు. అక్క ఆయనకి ఫోన్ చేసి, "నాలుగుసార్లు పడ్డానని ఎందుకు రాయలా? నేను దేన్నీ జయించలా. పోలియో నా కాళ్లల్లోనే ఉంది, వచ్చి చూసుకోండి" అని పెట్టేశారు. నిన్న వచ్చిన ఆ ఈమెయిల్ కూడా ఆయన రాసిందే అయి ఉంటుంది. ఆవిడ ఫోన్ చేయలేని సమయం చూసి రాశారు.

మరుసటి ఏడు నేను జాబితాలో ముందుగా గడులేవీ గీయలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాను. ఏడుగురు ఆడవాళ్లు స్కీ అన్నారు, అందులో ఒకావిడ అరవై రెండేళ్ల అత్తగారు. ఇద్దరు కుర్రభర్తలు, స్కీ అంటే తమకి చచ్చేంత భయమని, ఇన్నేళ్లూ పరువు కోసం పడ్డామని ఒప్పుకున్నారు. మా ఆవిడని అడిగితే, కారులో హీటరు వేసుకుని నవల చదువుకుంటూ సామాను దగ్గర ఉంటానంది. "నాకు చలంటే పడదు. ఐదేళ్లకి అడిగావు" అని కూడా అంది.

అక్క గురించి తలుచుకుంటే మాత్రం నాకు కొండ కంటే ఆ రోజు తిరుగు ప్రయాణమే ముందు గుర్తొస్తుంది. సాయంత్రం ఐదు దాటింది. వెనక సీట్లో మా ఆవిడ నిద్రపోతోంది. ముందు సీట్లో అక్క, కళ్లజోడు ఒక అద్దం పగిలి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. దారిలో వైయూరు అనే ఊరు దాటాక ధైర్యం చేసి అన్నాను.

"మూడేళ్లు మిమ్మల్ని కారులో కూర్చోబెట్టాను అక్కా. ఒక్కమాట అడగలేదు. తప్పయిపోయింది."

పర్వాలేదు లేరా అంటారనుకున్నాను. అనలేదు.

"తప్పే" అన్నారు. "మొదటేడు నువ్వు సామాను కాడ ఉండమంటే నాకు హాయిగా అనిపించింది, తెలుసా? నేను కుదరదని చెప్పే పని తప్పించావని. ఆ హాయి తల్చుకుంటే ఇప్పుడు ఒళ్లు మండతా ఉంది. నీ మీద కంటే నా మీదే ఎక్కువ" అన్నారు.

రోడ్డు వైపు చూస్తూ నడిపాను. వెనకనుంచి ఒక కారు మమ్మల్ని దాటిపోయింది. తర్వాత ఒక లారీ. ఆ తర్వాత గొర్రెల ట్రక్కు కూడా దాటింది. అక్క ఆ ట్రక్కు వెనక దీపాలు కనుమరుగయ్యేదాకా చూసి, నా వైపు తిరిగారు.

"ఈ రోడ్డు మీద ఎంత దాకా పోవచ్చు?"

"వంద."

"నువ్వెంత మీద పోతన్నావు?"

చూసుకున్నాను. అరవై ఐదు. పొద్దున్నుంచీ ఎన్నిసార్లో పడ్డారు, ఒళ్లు హూనమై ఉంటుంది, కుదుపులు తగలకూడదని కొండ దిగినప్పటి నుంచీ అలాగే నడుపుతున్నాను. ఆవిడని అడగలేదు.

"ఎంత మీద పొమ్మంటారక్కా?" అన్నాను.

"వంద" అన్నారు ఆవిడ.